సగమే విన్న వాతావరణం

గురువారం మధ్యాహ్నం మా చిన్నమ్మ చనిపోయింది. వడదెబ్బ. వడ్ల కొనుగోలు కేంద్రంలో తన వడ్లు ఎండబోసి, కాళ్లతో తిప్పుతూ తిప్పుతూ ఆ వడ్ల మీదే కూలబడిందట. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను మిర్యాలగూడ బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. ఫోన్ చిన్నాయనదే గాని, మాట్లాడింది కేంద్రంలో వాళ్ల పక్కన కుప్ప పోసుకున్న ఆమె. చిన్నాయనకు నోట మాట రావడం లేదంది. 

ఇది చదువుతున్న మీకు మా చిన్నమ్మ ఎవరో తెలియదు. వాళ్ల ఊళ్లో కూడా సగం మందికి ఆమె పేరు తెలియదు, రేడియో ఆమె అంటేనే గుర్తుపడతారు. మా అమ్మకు చెల్లెలు. మోతెకూ కోదాడకూ నడుమ, కాలువ కింది ఊరు వాళ్లది. ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు. చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది, నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఆమెకు వాతావరణ వార్తల పిచ్చి. పిచ్చి అన్న మాట నాది కాదు, చిన్నాయనది. పొద్దున హైదరాబాద్ రేడియో, అది అవగానే విజయవాడ రేడియో. మా వైపు ఊళ్లకు రెండూ వినిపిస్తాయి. మబ్బు అటు ఆంధ్ర దిక్కు నుంచి వస్తే విజయవాడ వాళ్లే ముందు చెబుతారని ఆమె నమ్మకం. ఒకసారి వీళ్లు ఒకటి చెప్పారు, వాళ్లు ఇంకొకటి చెప్పారు. మరి ఎవరి మాట నమ్ముతావని అడిగాను. "ఎవలు వానంటే వాళ్లనే నమ్ముత. రాకుంటే వడ్ల మీద కప్పిన పరదా మల్ల మడుసుకుంట, గంతే గద" అంది. అంతకు మించి తెలివైన జవాబు నాకూ తోచలేదు.

ఒక్క అలవాటే నాకు నచ్చేది కాదు. వాన సంగతి చెవిన పడగానే రేడియో కట్టేసేది. ఉష్ణోగ్రతలు, వడగాలులు అనే మాటలు ఆ ఇంట్లో ఏనాడూ పూర్తిగా వినిపించలేదు. "ఎండ సంగతి రేడియోల జెప్పాల్నా, నెత్తి మీదనే ఉన్నది గద" అనేది. ఆమెను ఒక్కదాన్నే అని లాభం లేదు. ఎండలు మొదలై, యాసంగి వడ్లు కల్లాల మీద ఉన్నన్నాళ్లూ మా వైపు అందరం ఇంతే. వాన లేదంటే మంచి వార్త. ఎండలు ముదురుతాయంటే ఇంకా మంచి వార్త, వడ్లు తొందరగా ఎండుతాయి. ఆ ఎండలో నిలబడేది మనుషులు అన్న సంగతి ఒక్కరికీ తట్టదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

నా ఇంటర్ చదువు వాళ్లింట్లోనే గడిచింది. రోజూ కోదాడ కాలేజీకి బస్సులో పోయి వచ్చేదాన్ని. పరీక్షల రోజుల్లో ఒట్టి కడుపుతో గడప దాటనిచ్చేది కాదు. చెంబెడు మజ్జిగ తాగించి, తడి తువ్వాల నెత్తిన కప్పి, సంచిలో ఒక ఉల్లిగడ్డ పడేసేది. ఉల్లిగడ్డ వెంట ఉంటే వడదెబ్బ తగలదని మా వైపు నమ్మకం. పరీక్ష హాలు బయట సంచి తెరిస్తే గుప్పున ఉల్లి వాసన. తోటి పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. నేను ఇంటికొచ్చి విసుక్కుంటే, నవ్వేటోళ్లను నవ్వనియ్యమని మర్నాడు ఇంకా పెద్ద గడ్డ వేసేది.

అంటే ఎండకు భయపడని మనిషేం కాదు. ఆ భయమంతా నా కోసం, కొడుకు కోసం, ఆఖరికి బర్రె కోసం. బర్రెను పొద్దెక్కకముందే నీడకు కట్టకపోతే చిన్నాయనకు ఆ రోజు అన్నంతో పాటు తిట్లు కూడా వడ్డన అయ్యేవి. తన దగ్గరికి వచ్చేసరికి ఆ భయం ఎటు పోయేదో నాకు తెలియదు. నేను చదువుకున్నది, ఇవాళ కాలేజీలో నాలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నది ఆమె పోసిన మజ్జిగ చలవే. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అంటే సిగ్గుపడి తిట్టేది.

పోయినేడు ఆమె కుప్ప తడిసింది. గాలిదుమారానికి పరదా లేచిపోయి, పొద్దునకల్లా వడ్లు ఉబ్బి, తర్వాత మొలకలొచ్చాయి. కౌలుకిచ్చిన ఆసామి పెద్దగా ఏమీ అనలేదు. ఈసారీ ఇట్లాగే అయితే పొలం వేరేవాళ్లకు ఇచ్చుకుంటానని మాత్రం చిన్నాయనతో మెల్లగా అన్నాడు. ఆ రెండెకరాలు పోతే వాళ్లకు గడవదు. చిన్నాయన మళ్లీ మేళ్లచెరువు పోయి సిమెంటు బస్తాలు ఎత్తాలి. ఆయన నడుము ఎత్తే నడుము కాదు. అందుకే ఈ ఏడు చిన్నమ్మకు ఇంకో ధ్యాస లేదు. వడ్లు తడవకుండా లారీ ఎక్కాలి, అంతే.

కొనుగోలు కేంద్రంలో పిడికెడు వడ్లు తేమ మిషన్‌లో పోసి చూస్తారు. తేమ తగ్గితే పాసైనట్టు, పాసైతేనే తూకం, తూకమైతేనే లారీ. కోత మిషన్ నుంచి పచ్చిగా దిగిన వడ్లు పాస్ కావాలంటే ఎండలో పరిచి, గంట గంటకూ కాళ్లతో సాళ్లు తీస్తూ తిప్పాలి. చిన్నమ్మ వడ్లు కేంద్రానికి చేరిన ఆదివారం నాడే రేడియోలో ఆ వారం సంగతి చెప్పారు. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం జిల్లాల్లో గురువారం దాకా వాన లేదు, వడగాలులు తీవ్రంగా ఉంటాయి, మధ్యాహ్నం పూట ఎవరూ బయటికి రావద్దు. శుక్రవారం నుంచి ఉరుములు, ఈదురుగాలులతో వానలు. కేంద్రంలో ఉన్నవాళ్లంతా విన్నది రెండే ముక్కలు. గురువారం దాకా వాన లేదు. శుక్రవారం ఉంది.

మంగళవారం నాకు సెలవు దొరికితే చూసి వద్దామని పోయాను. మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్క మైదానం నిండా వడ్లు, మనుషులు మాత్రం ఆగి ఉన్న లారీ నీడన. ఎండలో ఉన్నది చిన్నమ్మ ఒక్కతే. తువ్వాల నెత్తికి చుట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, వడ్లలో కాళ్లు ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వస్తోంది. నన్ను చూసి కూడా సాలు పూర్తి చేసేదాకా రాలేదు. వచ్చాక ఆమె చేయి పట్టుకుంటే కాలుతోంది. ఫోన్‌లో ఆ వారం వాతావరణం మొత్తం ముందు నుంచి చివరిదాకా ఆమెకు చదివి వినిపించాను. మధ్యాహ్నం బయటికి రావద్దన్న ముక్క రెండుసార్లు చదివాను.

ఆమె నవ్వింది. "మద్దెన్నం రావొద్దంటే మరి వడ్లెప్పుడెండాలె బిడ్డా? ఎన్నెలకు ఎండుతయా?"

పొద్దునా సాయంత్రం తిప్పితే చాలదా, ఒకరోజు ఆలస్యమైతే ఏమైతుంది అని కోప్పడ్డాను. ఆమె తూర్పు దిక్కు చూపించింది. అక్కడ మబ్బు తునక కూడా లేదు. అయినా ఆమె చూపు అటే ఉంది.

"ఒక్కరోజే గద పోయినేడు గూడ ఆలిశం అయింది" అంది.

నేను తెచ్చిన మజ్జిగ సగం తాగి, మిగిలింది పక్క కుప్ప ఆమెకు ఇచ్చింది. నేను బస్సెక్కేటప్పుడు వెనక్కి చూస్తే మళ్లీ వడ్లలో ఉంది.

గురువారం జరిగింది నేను చూడలేదు, పక్క కుప్ప ఆమె చెప్పింది. పొద్దున మిషన్‌లో పోస్తే తేమ ఇంకా కాస్త ఎక్కువే చూపించింది. ఇంకొక్క పూట ఎండితే సాయంత్రానికి పాసైతయని కేంద్రం చూసుకునే అమ్మాయి చెప్పింది. ఆ మాటతో చిన్నమ్మకు ప్రాణం లేచి వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళకు విజయవాడ రేడియో, అటు దిక్కున సాయంత్రానికే గాలివాన ఉండొచ్చంది. అన్నం మూట విప్పనన్నా లేదు, లేచింది. జరసేపు ఆగమని పక్కామె చేయి పట్టుకుంటే విడిపించుకుంది. ఒక సాలు తీసింది. రెండో సాలు నడుమ కూర్చుంది. రాళ్లో తాలో ఏరుతోందేమో అనుకున్నారు లారీ నీడన ఉన్నవాళ్లు. కూర్చున్నది లేవకపోయేసరికి పరుగెత్తారు. అప్పటికే మాట లేదు. గాలివాన మాత్రం ఆ సాయంత్రం రాలేదు.

శుక్రవారం పొద్దున శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కొడుకు లారీ డ్రైవరు, రాత్రంతా బండి నడుపుకుంటూ వచ్చాడు. తలకు నూనె పెట్టడం, స్నానం చేయించడం అన్నీ అవుతున్నాయి. తూర్పున నల్లగా మబ్బు లేచింది. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే తల ఎత్తి చూస్తున్నారు. చూసి, చూసినందుకు సిగ్గుపడి తల దించుకుంటున్నారు. అందరికీ ఒకటే తెలుసు. చిన్నమ్మ వడ్లు ఆమె పరిచినట్టే మైదానంలో ఉన్నాయి. గురువారం సాయంత్రం ఎవరూ వాటిని కుప్ప చేయలేదు. ఆమె పడిన చోట కాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇప్పుడు చేద్దామంటే శవం వాకిట్లో ఉంది. శవం లేచేదాకా ఇంటివాళ్లు గాని, పాడె మోసేవాళ్లు గాని పనికి పోకూడదు. మా కులంలో అది పెద్ద తప్పు. గాలి మొదలైంది. వాకిట్లో పందిరి గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. 

నిన్నటి నుంచి ఒక్క మాట మాట్లాడని చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"పోయి వడ్లు కప్పిరాండ్రి" అన్నాడు.

కులపెద్ద అడ్డం చెప్పబోయాడు. శవాన్ని పెట్టుకుని ఇదేం పని, ఊరు ఏమనుకుంటుంది అన్నాడు. చిన్నాయన ఆయన దిక్కు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"గవి తడిస్తే మరి ఆమె ఎందుకు సచ్చినట్టు?"

ఆ మాట తర్వాత ఎవరూ ఆగలేదు. పాడె మోయాల్సినవాళ్లు ముందు ఉరికారు. డప్పులవాళ్లు డప్పులు గోడకు ఆనించి వాళ్ల వెనకే పోయారు. ఆడవాళ్లం కొంగులు బిగించాం. మైదానంలో దుమ్ము లేచి కళ్లు కనిపించడం లేదు. కొందరు చెక్క పలకలతో, కొందరు చేతులతో వడ్లు నడుమకు నెట్టారు. ఆమె కూర్చున్న చోటికి వచ్చేసరికి అందరి చేతులూ మెల్లబడ్డాయి. పక్క కుప్ప ఆమె ముందుకు వచ్చి, ఆ వడ్లను తన ఒడిలోకి ఎత్తి కుప్ప మీద పోసింది. పరదా రెండుసార్లు గాలికి లేచిపోయింది. మూడోసారి చిన్నమ్మ కొడుకు దాని మీద బోర్లా పడుకుంటే చుట్టూ రాళ్లు పెట్టాం. ఎవరూ అడగకపోయినా కేంద్రం అమ్మాయి పిడికెడు వడ్లు తీసి మిషన్‌లో పోసింది. చూసి, ఏడుస్తూ తల ఊపింది. పాసైనయి.

కాళ్లు కడుక్కుని వచ్చి పాడె ఎత్తాం. శ్మశానం దారి కేంద్రం పక్క నుంచే. దింపుడు కల్లం అక్కడే అయింది. పాడె కిందికి దించారు. కొడుకు వంగి చెవిలో అమ్మా అమ్మా అని మూడుసార్లు పిలిచాడు. పిలుపుకు పలుకుతుందేమోనని కాసేపు ఆగడం ఆనవాయితీ. ఆగాం. అప్పుడు చిన్నాయన మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏమే, వడ్లు పాసైనయ్. కప్పినం. తడువయ్ ఇగ" అన్నాడు.

అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. పెద్ద చినుకులు, ఆమె నుదుటి మీద, చెంపల మీద. మా అమ్మ గబుక్కున కొంగు అడ్డం పట్టబోయింది. చిన్నాయన అమ్మ చేయి ఆపాడు.

"పడనియ్ వదినా. జర సల్లగయితది."

అమ్మ కొంగు వదిలేసింది. పాడె ఎత్తమని ఎవరూ అనలేదు. ఎండకు కమిలిన ఆ ముఖం మీద వాన పడుతుంటే చూస్తూ అందరం అట్లాగే నిలబడ్డాం.