ఇంగువ డబ్బాలో రంగెక్కిన రూపాయి

చదువు అయిపోయి, పెళ్లి కుదరక, చుట్టాలందరికీ నేనొక సమస్యలా కనిపించిన ఆ రోజుల్లో నన్ను పిలిచి కూర్చోబెట్టి జీతమిచ్చినవాడు మా మేనమామ. బేతంచెర్లలో ఆయనకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది, నేను లెక్కలు చూసేదాన్ని. మామ దృష్టిలో లోకంలో రెండే రకాల వస్తువులు: పాలిష్ పట్టినవి, ఇంకా పట్టాల్సినవి. (పెళ్లిచూపుల్లో అత్తను కూడా ఆ కంటితోనే చూసి ఉంటాడని మా అవ్వ అనుమానం. కన్నకొడుకైనా సరే, అవ్వ ఎవరినీ వదిలేది కాదు.)

ఒకరోజు ఆ అవ్వే నన్ను వంటింట్లోకి పిలిచి, చేతిలో ఒక పాతకాలం వెండి రూపాయి పెట్టింది. పుట్టింటివాళ్లు ఇచ్చినదట. తాత కంటపడితే పేకాటలో పోతుందని, ఆయన ఎప్పటికీ చెయ్యి పెట్టని చోటు చూసి ఇంగువ డబ్బాలో దాచింది. తాత పోయాక కూడా అది అక్కడే ఉండిపోయింది. ఇన్నేళ్ల ఇంగువ ఘాటుకు వెండి రంగెక్కింది. అంచున పసుపు, లోపలికి వంగపండు రంగు, నడుమ నెమలి మెడ నీలం. ఫోనులో వెతికాను. కాలం గడిచేకొద్దీ నాణెం మీద ఇలా వచ్చే రంగును టోనింగ్ అంటారట, అందంగా ఉంటే సేకరించేవాళ్లు ఎగబడి కొంటారట, తోమితే మాత్రం రేటు పడిపోతుందట. ఆ సాయంత్రమంతా నేను నేల మీద నడవలేదు.

మామ మాత్రం దాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఇది మసి పట్టిండాది పాపా. ఇట్లియ్యి, చక్రం మీద ఒక్క తిప్పు తిప్పితే అద్దం మాదిరి అయితాది. మనం తెరవబోయే రాళ్ల షోరూము పూజలో లక్ష్మీదేవి ముందర పెడదాం."

"వద్దు మామా, తోమితే రేటు పోతాది."

"మెరుపు పెడితే రేటు పోయేది యాడన్నా ఉండాదా?"

రాళ్లకు మెరుపు పెట్టి మేడ కట్టిన మనిషికి నేనేం చెప్పాలి? చివరికి పందెం వేసుకున్నాం. కర్నూలులో పాత నాణేలు కొనే ఒకాయనకు చూపిద్దాం, రంగుకు రేటుందంటే రూపాయి నాది, లేదంటే చక్రానిది.

ఆ కొట్టాయన భూతద్దం పెట్టి చూసి, "శానా బాగుండాదమ్మా, ఇట్లాంటి రంగు చూసి శానా దినాలాయె" అన్నాడు. నేను మామ వైపు ఒక చూపు చూశాను (ఆ చూపు కొంచెం తొందరపడింది). అంతలో ఆయన నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇంగువ కదా ఇది?" అవునని, మా అవ్వ దాచుకున్న చోటు అదేనని గర్వంగా చెప్పాను. ఆయన భూతద్దం కింద పెట్టేశాడు. "అయితే ఇది చేసిన రంగు. కొందరు కావాలనే ఉడికిన గుడ్డు పక్కన పెట్టి, దాని గంధకం ఆవిరికి రంగెక్కిస్తాండారు, మీరు ఇంగువలో పెట్టినారు. దీనికి రేటు రాదు. కడిగిస్తా, వెండి తూకానికి ఇచ్చిపో."

నాకు ఒళ్లు మండిపోయింది. "చేసిన రంగంటే ఏంది సార్? బీరువాలో దాచుకున్నోళ్ల బిళ్ళకు వచ్చేది అసలు రంగు, వంటింట్లో దాచుకున్న ఆడదాని బిళ్ళకు వచ్చేది దొంగ రంగా? మా అవ్వ రంగు కోసం పెట్టలా, మొగునికి దొరక్కుండా పెట్టింది. ఆ డబ్బా కాకుండా ఆ ఇంట్లో ఆమెకు తనదంటూ ఏం ఉండాది?"

కొట్లో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. ఆయన పాపం నిదానంగానే అన్నాడు. "నేను నమ్ముతానమ్మా. కొనేవాడు నమ్మల్ల గదా."

బస్సులో మామ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటి గడప దాటగానే చెయ్యి చాపాడు. "పందెం ఓడిపోయినావు పాపా, ఇయ్యి."

"ఓడిపోయినా. ఇయ్యను."

"మాటంటే మాట గదా."

"తప్పినా అనుకో మామా. కావాలంటే రేపటి నుంచి పనిలోకి రావద్దను. రూపాయి మాత్రం ఇయ్యను." నిజంగానే ఉద్యోగం పోవచ్చని తెలుసు, అయినా పిడికిలి విప్పలేదు.

మామ తీర్పు కోసం అవ్వను పిలిచాడు. అవ్వ ఇద్దరి మాటా పూర్తిగా విని, కొడుకును కింది నుంచి పై వరకు చూసింది. "మీ నాయనకే దొరకనియ్యలేదు, నీకు ఇప్పిస్తానారా? పో, కాళ్లు కడుక్కోపో." మామ షోరూము పూజకు కొత్త వెండి బిళ్ళ కొనుక్కొచ్చాడు. అవ్వ మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

రూపాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దాని రేటు ఇప్పటికీ వెండి తూకమే. ఎవరైనా అడిగితే సహజమైన రంగుకూ చేసిన రంగుకూ తేడా మర్యాదగా, గొంతు పెంచకుండా వివరిస్తాను. వాళ్లు తలూపుతారు, నేనూ తలూపుతాను. కర్నూలు కొట్లో అరిచిన ఆ పిల్లకు ఇంత మర్యాద తెలియదు. తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ అవ్వ తరఫున మాట్లాడాల్సి వస్తే, ఈ రోజుకీ నేను పంపేది ఆ పిల్లనే.