హోల్డంటే పట్టుకో

ఆ రోజుల్లో మా గుంటూరు మిరపకాయల కొట్ల మధ్య ఒక మహాసంగ్రామం జరిగింది. దాన్ని పర్వాలు పర్వాలుగా రాయాలని చాలాకాలం అనుకున్నాను. తీరా కూర్చుంటే అందులో రథాలూ లేవు, శంఖాలూ లేవు. ఉన్నదల్లా ఒక టెలిఫోను, ఒక ఇంగ్లీషు క్రియాపదం, బోలెడన్ని తుమ్ములు. అంచేత పర్వాల సంగతి వదిలేసి జరిగింది చెబుతాను.

అప్పటికి నేను ఎస్సెల్సీ గట్టెక్కాను. మా బాబాయి కమిషను కొట్లోకి కొత్తగా టెలిఫోను వచ్చింది, దానివెంట నేనూ వచ్చాను. 'ఇంగ్లీషొచ్చినవాడు' అని నాకు పేరు. మా బజార్లో కాంపౌండరు తర్వాత అంతటి గౌరవం నాదే (కాంపౌండరు దగ్గర కనీసం మందుండేది). బాబాయికి ఇంగ్లీషు రాదు. ఆయన బేరాలకు ఏ భాషా అక్కర్లేదు కూడా. కండువా కింద రైతు చెయ్యీ ఈయన చెయ్యీ కలిసేవి. వేళ్లు నొక్కడంలోనే ధర తేలేది. వేలు గట్టిగా పట్టుకుంటే బేరం ఖాయం. పట్టుకుని వదిలేసినవాడికి ఆ బజార్లో మళ్లీ ఎవరూ చెయ్యివ్వరు.

మద్రాసు షావుకారు మా దగ్గర ఒక లారీ సరుకు కొని ఉంచారు. ఒకరోజు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ట్రంకాల్. ముందు "హోల్డ్ ఆన్" అన్నారు. "పట్టుకోమంటున్నారు బాబాయ్" అన్నాను. బాబాయి వచ్చి, పారిపోయే కోడిని పట్టినట్టు టెలిఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు. కాసేపటికి గరగర మధ్య "హోల్డ్ ది గూడ్స్" అని వినిపించి లైను తెగిపోయింది.

"ఏవన్నాడ్రా?"

"సరుకు పట్టుకోమన్నారు."

"ఎంత పట్టుకోమన్నాడు?"

"ఎంతని చెప్పలేదు బాబాయ్."

"చెప్పలేదంటే దొరికినంతా అనేరా, ఎర్రిమొహవా!" అని కండువా దులుపుకుని బజార్లో పడ్డాడు.

(పంపకుండా ఆపి ఉంచమని షావుకారు భావం. పట్టుకుని ఉంటే పంపనట్టే కదా! నా అనువాదంలో తప్పుందంటే నేనిప్పటికీ ఒప్పుకోను.)

సాయంత్రానికి బజార్లో బాబాయి పట్టుకోని వేలు లేదు. బస్తాలతో గోడౌను నిండింది, కొట్టు నిండింది, ఇంటి వసారా నిండింది. ఆఖరికి బండివాళ్లు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు.

"ఏవండీ, మీకేమన్నా గాలి పట్టిందా?" అంది పిన్ని, రెండు తుమ్ముల మధ్య.

"మద్రాసాయన పట్టుకోమన్నాడే!"

"ఆయన పట్టుకోమంటే సరా? వంటింట్లో పట్టొద్దూ?"

మర్నాడు మళ్లీ ట్రంకాల్. "ఆర్ యూ హోల్డింగ్?" అని అడిగారు. "ఎవ్రీథింగ్ సర్!" అన్నాను గర్వంగా. "గుడ్. నో నీడ్ టు హోల్డ్ నౌ. లారీ ఈజ్ కమింగ్" అన్నారు. ఒక్క లారీయేనట. గర్వం దిగిపోయింది.

"బాబాయ్, హోల్డంటే ఆపమని కూడా అర్థం ఉందట."

"పట్టుకోమన్నా ఆపమన్నా ఒకటే మాటా? ఒక మాట మీద నిలబడని భాషేంట్రా అది!"

"అంతేకాదు, మీటింగు పెట్టడం కూడా హోల్డే. ఊపిరి బిగబట్టడం కూడా."

"మీటింగుని కూడా పట్టుకుంటారా?"

"మరి మనకి చెమట పట్టట్లా? నిద్ర పట్టట్లా? గోడకి బూజు పట్టట్లా?"

"మనది వేరురా. మనకి అర్థమవుద్ది."

ఎదురు కొట్టు మావయ్య సానుభూతిగా వచ్చి కూర్చున్నాడు. "బావా, కుర్రాడు మాట తప్పు చెప్పాడని చెప్పి రైతులకి సరుకు తిప్పిపంపెయ్. ఎవరూ ఏవనుకోరు."

బాబాయి నావైపు చూశాడు, తర్వాత తన అరచేతివైపు చూసుకున్నాడు. "వాడు నోటితో తప్పు చెప్పాడు. నేను చేత్తో పట్టుకున్నాను. వేలు పట్టుకున్నాక ఇంగ్లీషుతో నాకేం పని బావా?" అన్నాడు. (ఘట్టం రక్తి కట్టేదే. మావయ్య కళ్లు తుడుచుకున్నాడు కూడా. కానీ ఆయన ఆనుకుని కూర్చున్నది మిరపబస్తాకి.)

లారీ వచ్చింది, పట్టినన్ని ఎక్కించుకుని వెళ్లింది. మిగతావి ఊళ్లో కారం మిల్లువాళ్లు మెల్లమెల్లగా తీసుకెళ్లేసరికి వేసవి అయిపోయింది. అన్నాళ్లూ మా ఇంట్లో తుమ్మకుండా ఒక వాక్యం పూర్తిచేసినవాళ్లు లేరు. బజార్లో మాత్రం బాబాయి కండువా తీస్తే చాలు, చేతులు వాటంతటవే వచ్చేవి. టెలిఫోను మోగితే మాత్రం "ఒరేయ్ అబ్బాయ్, నువ్వే పట్టుకో. నాకేం చెప్పకు" అని వీధిలోకి వెళ్లిపోయేవాడు.

ఇప్పటికీ ఎవరైనా ఫోన్లో హోల్డ్ చెయ్యమంటే నా ముక్కుకి ఘాటు తగులుతుంది. ఆ ఎస్సెల్సీ మహాపండితుడూ, వాణ్ణి ఒక్కమాటా అనకుండా అరచెయ్యి చూసుకున్న ఆ మనిషీ గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటాను.

ఇంతకీ మద్రాసాయన సరుకు ఎందుకు ఆపమన్నారో, ఆరోజు బస్తాల మీద తాడు బిగిస్తూ లారీ డ్రైవరు సాయిబు చెప్పాడు. లారీ వెనక టైరు పంక్చరయిందట.