గంగామణి టీచర్ హాలీవుడ్

"గుర్రానికి నీళ్లు తాపిన దొరా" అన్నాడు రంగస్థలం మీది గుర్రపువాడు. అంతే, హాలంతా గొల్లుమంది. పక్క కుర్చీలో ఉన్నావిడ నవ్వు ఆపుకోలేక నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. ఆ నవ్వు చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. గుర్రానికి నీళ్లు తాపడంలో నవ్వేందుకు ఏముంది? ఆ మాట రాసినప్పుడు నేను రాసినామె పక్కనే ఉన్నాను. నవ్వించడానికి రాసిన మాట కాదది. జనం నవ్వింది గుర్రానికీ కాదు, నీళ్లకూ కాదు. "తాపిన" అన్నందుకు నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది పొద్దున ఇంట్లో బర్రెకు నీళ్లు తాపి వచ్చినవాళ్లే.

పోయిన నెల బాన్సువాడ ఫంక్షన్ హాల్లో కుర్రకారు ఆడిన ఆ నాటకం పేరు "గుర్రం కాల్షీటు". ముప్పై ఏళ్ల కిందట మా గంగామణి టీచర్ రాసింది. కరపత్రం మీద ఆమె పేరు వేశారు, సంతోషం. కానీ ఆమె రాసిన మాటలు తీసేశారు. స్టూడియో యజమాని, హీరోయిన్, డైరెక్టరు అందరూ ఇస్త్రీ చేసిన తెలుగు మాట్లాడారు. మా దిక్కు మాట ఒక్క గుర్రపువాడికి మిగిలింది. ఆమె బతికి ఉంటే మొదటి అంకంలోనే లేచి నిలబడేవారు. ఆమె లేరు కనుక, ఆమెను ఎరగని మీకు నేను చెప్పాలి.

గంగామణి టీచర్ మా బళ్లో తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లను "నువ్వెందుకు చేసుకున్నవ్?" అని అడిగేవారు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి పాత పుస్తకాల బజారులో సినిమా పుస్తకాలు ఏరుకొచ్చేవారు. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం మా నలుగురైదుగురిని ఖాళీ తరగతి గదిలో కూర్చోబెట్టి పాతకాలపు హాలీవుడ్ కథ చెప్పారు. తారలు స్టూడియోకు ఏడేళ్లకు ఒప్పందం రాసిచ్చేవారట. ఏ వేషం వేయమంటే అది వేయాలి, ఎవరితో తిరగమంటే వాళ్లతో తిరగాలి.

"ఏడేండ్లకు కాయితం రాసిచ్చినోళ్లను మన దిక్కు ఏమంటరే?" అని నన్నడిగారు.

"జీతగాండ్లంటరు" అన్నాను. అప్పు తీరేదాకా కట్టుబడి పనిచేసేవాళ్ల పేరది.

"మరి గా స్టూడియో ఓనరు ఎవరు?"

"దొర."

"దొర ఎట్ల మాట్లాడుతడో మనకు ఇంకొకలు నేర్పాల్నా?"

నాటకం అక్కడ పుట్టింది. ఒక కౌబాయ్ సినిమా తీస్తుంటారు. గుర్రం ఒప్పందంలో ఎండకు నిలబడదని రాసి ఉంటుంది, హీరోయిన్ రోజీ ఒప్పందంలో ఉండదు. గుర్రానికి ఉన్నవన్నీ తనకూ కావాలని రోజీ పేచీ పెడుతుంది. దొర దగ్గరి నుంచి గుర్రపువాడి దాకా అందరూ మా మాటే మాట్లాడతారు. అందరిదీ ఒకే మాట అయినప్పుడు ఎవరి మాటకూ నవ్వు రాదు, కథకే వస్తుంది. టీచర్‌కు కావలసింది అదొక్కటే: మా మాట అందరి నోటా ఉండే ఒక్క నాటకం, పోటీల్లో నిలిచే నాటకం.

రోజీని నేను. దొర వేషానికి కాలువ కింద ఆంధ్ర రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపు నుంచి వెంకట్రావు గారిని పిలిచారు. వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టిన మనిషి. పద్యం ఎత్తుకుంటే ఊరవతలికి వినిపించే గొంతు ఆయనది. కానీ మా మాట ఆయన నోట పలకదు.

"నాకు నోరు తిరగట్లేదండి టీచర్ గారూ. 'గట్లనే' అనబోతే 'అట్లాగే' వచ్చేస్తోంది."

"మీ నాట్లకొచ్చే ఆడోళ్లను అడుగుండ్రి. రోజు వాళ్లతోని లొల్లి వెట్టుకుంటరు గదా, ఫీజు లేకుండ నేర్పుతరు."

నిజంగానే అడిగారు. మూడు నెలలు మడి గట్టు మీద కూర్చుని వాళ్లతో డైలాగులు చెప్పించుకున్నారు. చివరికి ఆయన "ఏందే రోజీ, మస్తు మాట్లాడుతున్నవ్" అంటే మా నాన్నే ఉలిక్కిపడ్డాడు.

పోటీలు పెట్టే సంఘం నుంచి ఒక పెద్దమనిషి రిహార్సల్ చూడ్డానికి వచ్చాడు. చూసినంతసేపూ నవ్వాడు. అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"నాటకం బాగుందమ్మా. కానీ హీరోయిన్ చేత, యజమాని చేత ఈ యాస ఏమిటి? గుర్రంవాడికి ఉంచండి, రక్తి కడుతుంది."

"హాలీవుడ్‌ల మీ లెక్క మాట్లాడుతరా సారూ?"

"అని కాదమ్మా. న్యాయనిర్ణేతలు భాషకు మార్కులు వేస్తారు."

"హాలీవుడోళ్లది ఇంగ్లీషు. మీది గాదు, నాది గాదు. ఎవరు రాస్తే వాళ్ల మాటల ఉంటది. రాసింది నేను."

ఆయన వెళ్లాక మేం చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టినదాన్ని నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోటీ రోజున మొదటి వరుసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. దొరగా వెంకట్రావు గారు నోరు తెరవగానే వాళ్లలో ఒకాయన కాగితం మీద ఏదో రాసి, పక్కాయనకు చూపించి నవ్వాడు. నేను తెర పక్కనుంచి చూశాను. రంగం మీదికి వచ్చాను. "గుర్రానికి పందిరేసిండ్రు, నాకు గొడుగన్న పట్టరా?" అనాలి. నా నోట వచ్చిన మాట వేరు: "గుర్రానికి పందిరి వేయించారు, నాకు కనీసం గొడుగైనా పట్టరా?" ఒకసారి అన్నాక వెనక్కి రాలేకపోయాను. నాటకం ముగిసేదాకా అదే తెలుగు.

దాంతో ఏమైందో చూడండి. నా పక్కన నిలబడి మా మాట మాట్లాడుతున్న దొర ఒక్కసారిగా బఫూన్ అయిపోయాడు. ఆయన నోరు తెరిస్తే చాలు జనం నవ్వారు. మూడు నెలలు కష్టపడి నేర్చుకున్న మనిషిని, పుట్టుకతో ఆ మాట వచ్చిన నేను నడిబజార్లో నిలబెట్టాను. నాటకానికి ఏ బహుమతీ రాలేదు, "భాషలో నిలకడ లేదు" అన్నారు. ఉత్తమ నటి మాత్రం నేను.

తిరుగు బస్సులో వెంకట్రావు గారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. ముఖం మీద దొర మీసం తాలూకు జిగురు ఇంకా ఉంది.

"ఏవమ్మాయ్, ఆ మాట నీదా, నాదా? నేను పట్టుకు వేళ్లాడాను, నువ్వేమో వదిలేశావు. నీకంత నామోషీ అయితే ముందే చెప్పకపోయావా?"

నేను టీచర్ వైపు చూశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"దాన్నేమనకుండ్రి రావుగారూ" అన్నారు టీచర్. "అది ఆరో తరగతిల 'మా అవ్వ అచ్చింది' అన్నది. తెలుగు పీరియడ్‌ల 'వచ్చింది' అనకుండ గదేం మాటని బెంచి మీద నిలవెట్టిన. గంటసేపు. ఒక్కదాన్నే గాదు, ఏడాదికి ఎంతమందినో. దాని నోరు గట్ల జేసింది నేను. ఈ నాటకం గందుకే రాసిన."

నాకా బెంచీ గుర్తే లేదు అంతవరకూ. టీచర్ చెప్పాక గుర్తొచ్చింది: కింద కూర్చున్న పిల్లల నవ్వు, కిటికీ ఊచల ఎత్తుకు నా తల. ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, ఆమె మీద గౌరవం కూడా పోలేదు. రెండూ ఒకే మనిషి మీద ఉండడం కష్టమే, నాకు అలవాటైంది. బెంచీ ఎక్కించిన టీచర్లను చాలామందిని చూశాను. ఆ తప్పు తన నోటితో ఒప్పుకుని, దిద్దుకోవడానికి నాటకం రాసిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

అందుకే పోయిన నెల నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్లాను. నాటకం ఆడించిన ప్రవీణ్, రుద్రూర్ పిల్లాడు, తన దొర వేషం తలపాగా విప్పుతున్నాడు.

"మాటలెందుకు మార్చినవ్?" అన్నాను.

"హాలీవుడ్ గదా ఆంటీ, జర క్లాస్‌గ ఉండాలె. కామెడీకి గుర్రపోడు ఉన్నడు గదా."

"ఇప్పుడు నాతోని మాట్లాడుతున్నవ్ గదా, ఇదేంది మరి? కామెడీనా?"

వాడు తలపాగా మడతపెట్టసాగాడు. వాడి వెనక గుర్రపువాడి వేషం వేసిన పిల్లాడు మాత్రం తలెత్తి నన్ను చూశాడు.

"అయితే మీరే వచ్చి చెప్పుండ్రి ఆంటీ, ఎట్ల మాట్లాడాల్నో" అన్నాడు ప్రవీణ్. వెటకారమో, నిజమో తెలియలేదు. నేను నిజమనే తీసుకున్నాను.

తర్వాతి ఆదివారం వాళ్లు రిహార్సల్ చేసుకునే గదికి వెళ్లాను. పిల్లలు గోడ వారగా చాపల మీద కూర్చున్నారు. రోజీ మొదటి మాట ఎట్లా పలకాలో నేనే చూపిస్తానన్నాను. లేచి నిలబడి నోరు తెరిచాను. బయటికి వచ్చింది శుభ్రమైన, చక్కటి, అచ్చు పుస్తకాల తెలుగు. ఆపేశాను. కింద కూర్చున్న పిల్లలు, నిలబడిన నేను: మళ్లీ ఆ బెంచీ మీదే ఉన్నాను. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఏమైంది ఆంటీ, మరిచిపోయిన్రా?" అన్నాడు ప్రవీణ్.

"మరువలే బిడ్డా" అన్నాను. "గదే లొల్లి."