నేల పరుపుకు ఓటు

2021లో నేను దుబాయ్ కరామాలో ఒక ఆడవాళ్ళ ఫ్లాట్‌కు వంటమనిషిగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్ళు అదే దేశంలో కల్బా అనే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేశాను. మోకాళ్ళు అక్కడి మెట్లకు ఒప్పుకోక ఈ పనికి వచ్చాను. నా ఆఖరి ఉద్యోగం ఇదే.

ఆ ఫ్లాట్‌లో అందరూ గోదావరి జిల్లాల వాళ్ళే. గది మొత్తం తీసుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి ఒక్కొక్కరు ఒక్కో మంచం అద్దెకు తీసుకుంటారు. దాన్ని బెడ్‌స్పేస్ అంటారు. మంచం కూడా దొరకనివాళ్ళు హాల్లో నేల మీద పరుపు వేసుకుంటారు. వాళ్ళు సగమే కడతారు. అద్దె పోగుచేయడం, పొయ్యి దగ్గర, స్నానాల దగ్గర వంతులు పెట్టడం, ఎవరిని ఉండనివ్వాలో చెప్పడం ఇన్‌చార్జ్ పని. ఇన్‌చార్జ్‌ను మంచాల వాళ్ళు ఎన్నుకుంటారు. మంచానికి ఒక ఓటు. నేల పరుపుకు ఓటు లేదు. వంటింట్లో పడుకునే నాకూ లేదు. అందుకే ఎన్నిక జరిపించే పని నా మీద పడింది.

ఈ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు. తెల్లదొరల ఏలుబడిలో మా అమ్మ తండ్రి కాకినాడ మునిసిపాలిటీలో వీధి దీపాలు వెలిగించేవాడు. ఎన్నికలప్పుడు ఓటు పెట్టెలు మోసింది ఆయన, కాపలా కాసింది ఆయన. పన్ను కట్టేవాళ్ళకే ఓటు కాబట్టి ఆయనకు ఓటు లేదు. దీపాలు కూడా పన్ను కట్టేవాళ్ళ వీధుల్లోనే ఎక్కువగా వెలిగేవట. ఆయన ఉండే పేట చీకటి.

ఆ ఏడు పాత ఇన్‌చార్జ్ ఊరికి వెళ్ళిపోయింది. ఆ చోటుకు ఇద్దరు నిలబడ్డారు, కుమారి, నూర్జహాన్. తగవంతా సత్తెమ్మ గురించి. సత్తెమ్మ పనిచేసే ఇంటివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోవడంతో ఆమె మా హాల్లో పరుపు వేసుకుంది. ఇంకో ఇంటి వీసా వస్తుందని చూస్తోంది. ఈలోగా చోటు పోతే ఆమెకు తిరిగి ఊరికి పోవడం తప్ప దారి లేదు.

నేల పరుపులు తీసేస్తానని కుమారి చెప్పింది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. "కింద నాటూర్ రోజూ మన గుమ్మం ముందు చెప్పులు లెక్కెడుతున్నాడండి. తలలెక్కువయ్యాయని ఎక్కడన్నా నోరు జారేడా, అందరం ఖలాస్" అంది. నాటూర్ అంటే భవనం కాపలాదారు. ఒక ఫ్లాట్‌లో లెక్కకు మించి మనుషులుంటే అక్కడ జరిమానా వేసి ఖాళీ చేయిస్తారు.

"అయితే చెప్పులు లోపలెట్టుకోండి, మనిషినెందుకు బయటెడతారు?" అంది నూర్జహాన్.

ఏడు మంచాలు. మూడు అటు, మూడు ఇటు అని వంటింట్లో మాటలు వింటేనే తెలిసిపోయింది. మిగిలింది షిఫ్ట్ మంచం. దాని మీద ఇద్దరు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో తుడిచే పని చేసి వచ్చి నూర్జహాన్ పగలు పడుకుంటుంది. పగలు ఇళ్ళలో పనిచేసే మరియమ్మ రాత్రి పడుకుంటుంది. మరియమ్మది కుమారి ఊరే, ఆమె వైపే. అంటే నిలబడిన మనిషికి సొంత మంచం ఓటే లేదు.

సాయంత్రం ఓటింగ్ పెట్టమని కుమారి అడిగింది. అప్పుడు నూర్జహాన్ డ్యూటీకి పోయి ఉంటుంది. మధ్యాహ్నం పెట్టమని నూర్జహాన్ అడిగింది. అప్పుడు మరియమ్మ ఉండదు. ఎవరు గెలుస్తారన్నది నేను చెప్పే వేళలో ఉందని అప్పుడు అర్థమైంది. నేను తెల్లవారుజామున పెట్టాను. ఒకరు లేచి, ఒకరు ఇంకా పడుకోని వేళ అది.

మంచానికి ఒక సెనగ, ఒక రాజ్మా గింజ ఇచ్చాను. సెనగ కుమారికి, రాజ్మా నూర్జహాన్‌కు. ఒకటి మూత ఉన్న డబ్బాలో వేయాలి, రెండోది నా సంచిలోకి తిరిగి రావాలి. గింజ పారేస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

చివరికి షిఫ్ట్ మంచం వంతు వచ్చింది. ఇద్దరూ ఒక మాట మీదికి రాకపోతే ఆ మంచానికి ఓటు లేనట్టేనని చెప్పాను.

"తొందరగా తేల్చవే, నిలబడే నిద్రపోయేలా ఉన్నా" అంది నూర్జహాన్.

మరియమ్మ మంచం వైపు చూసింది. దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఒకరు లేచి ఇంకొకరు పడుకునే ఆ కాస్త సేపట్లో దుప్పటి మార్చేది సత్తెమ్మ. ఆమెకు ఎవరూ చెప్పలేదు, వచ్చిన మర్నాటి నుంచి తనే చేస్తోంది.

"సత్తెమ్మ పోతే రేపట్నుంచి ఇది మార్చేదెవరు? నువ్వా?" అంది మరియమ్మ.

"నాకేం పని? మీ కుమారినడుగు."

"ఆవిడ తన దుప్పటే దులపదు" అని మరియమ్మ రాజ్మా గింజ వేసింది.

నూర్జహాన్ గెలిచింది. సత్తెమ్మ ఉండిపోయింది. లెక్క అయ్యాక గింజలన్నీ కడిగి నానబెట్టాను, మర్నాటి కూరకు పనికొచ్చాయి.

తరవాత సత్తెమ్మకు వీసా వచ్చింది. ఒక మంచం ఖాళీ అయితే దాని మీదికి మారింది. ఆ పై ఏడు నూర్జహాన్ ఊరికి వెళ్ళిపోవడంతో మళ్ళీ ఎన్నిక వచ్చింది. అప్పటికి హాల్లో వేరే ఇద్దరు పరుపులు వేసుకుని ఉన్నారు. ఈసారి వాళ్ళకూ ఓటు ఇద్దామని నేను అన్నాను. అందరికంటే ముందు వద్దన్నది సత్తెమ్మే.

"ఇయ్యాలొచ్చి రేపు పోయేవోళ్ళకి ఓటేంటండీ మామ్మగారూ? నిండు అద్దె కట్టేది మేవండి."

మిగతావాళ్ళు తలలూపారు. నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గింజలు మంచాల లెక్కనే పంచాను. మా తాత కూడా ఇల్లు కట్టుకుని పన్ను కట్టే రోజు వచ్చాక పాత పేట దీపాల సంగతి ఎక్కడా అడగలేదని మా అమ్మ చెప్పేది.

సత్తెమ్మ చెడ్డ మనిషి కాదు. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ రెండు ఎన్నికల్లో నేను నేర్చుకున్నది ఒకటే. ఎవరికి ఓటుండాలన్నది ఎన్నిక దగ్గర పడ్డాక అడగకూడదు. అప్పటికే జవాబు చెప్పాల్సినవాళ్ళంతా ఏదో ఒక మంచం మీద ఉంటారు.