సుల్తాన్ పుట్టినరోజున కుట్టిన పావడ

మా చిన్నప్పుడు... ఒమాన్‌లో నవంబరు సగానికి వచ్చిందంటే చాలు, అల్ ఖౌద్‌లో మా వీధి స్తంభాలన్నిటికీ ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ దీపాలు వేలాడేవి. కార్ల వెనక అద్దాల మీద సుల్తాన్ గారి ఫొటోలు... ఆయన పుట్టినరోజే దేశానికంతటికీ పండుగ. నా బడికి సెలవు, నాన్న ఆఫీసుకి సెలవు.

ఓబులమ్మ పిన్నికీ ఆ రోజే సెలవు.

పిన్నిది కడప దగ్గర పల్లె. మా ఇంటికి రెండు వీధుల అవతల ఓ ఒమానీ కుటుంబంలో ఇంటిపని చేసేది. పండుగనాడు వాళ్లంతా రుస్తాఖ్‌లో ఉన్న పెద్దవాళ్ల ఇంటికి వెళ్లేవారు. వెళ్తూ దారిలో ఆ ఇంటి మేడం మా గేటు ముందు కారు ఆపి పిన్నిని దించేది. ఇక సాయంత్రం దాకా మా ఇల్లే... మాది కాకినాడ. అమ్మ ముక్కల పులుసు పెడితే, పిన్ని తను చెనిక్కాయలనే వేరుశెనగలతో పచ్చడి నూరేది. అన్నం దగ్గర రెండు జిల్లాలూ కలిసేవి.

నేను మూడో తరగతి చదువుతున్న ఏడు, పిన్ని చంకలో ఒక గుడ్డల మూట పెట్టుకుని దిగింది. మేడం తన కూతుళ్లకి పండుగ బట్టలు కుట్టించగా మిగిలిన గుడ్డ. ఎర్రటి పట్టు, ఆకుపచ్చ అంచు...

"అక్కా, నీ మిషను ఒకసారి ఇస్తావా? పాపకొకటి, మా రెడ్డెమ్మకొకటి పావడ కుడతా" అంది అమ్మతో.

రెడ్డెమ్మ పిన్ని కూతురు. నా ఈడుదే. నాలుగేళ్ల పిల్లప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలి పిన్ని ఒమాన్ వచ్చేసింది. వచ్చి నాలుగేళ్లయింది... మళ్లీ చూడలేదు.

"నువ్వు నిలబడు పాపా. నీ కొలత తీసుకుంటే దానికీ సరిపోతాది."

ముక్కాలి పీట మీద ఎంతసేపు నిలబడ్డానో... పిన్ని టేపు పట్టుకుని నా నడుము, నా పొడవు మళ్లీ మళ్లీ కొలిచింది. రెడ్డెమ్మ పావడకి మాత్రం కింద నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టింది. పెరిగే పిల్ల గదా, విప్పుకోవచ్చని.

సాయంత్రం నాన్న అందరినీ కారులో దీపాలు చూపించడానికి తీసుకెళ్లారు. పిన్ని కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది.

"ఒక మనిషి పుట్టినందుకు ఊరంతా దీపాలు" అంది మెల్లగా.

"మీ అమ్మాయి పుట్టినరోజు ఎప్పుడమ్మా?" అని నాన్న అడిగారు.

"తెలీదు సార్. బళ్లో అయ్యవారు ఏదో తేదీ రాసుకున్యాడంట. పుట్టింది మాత్రం చింతకాయలు రాల్చే కాలంలో."

పిన్ని రెడ్డెమ్మ పావడని కడప వెళ్తున్న ఒకామె చేతికిచ్చి పంపింది. నెల తర్వాత ఓ శుక్రవారం, ఊరికి ఫోను చేసి మాట్లాడదామని మేడంని అడిగి మా ఇంటికొచ్చింది. ఫోనులో నవ్వుతూనే వింది. నవ్వుతూనే పెట్టేసింది. పెట్టాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"పిక్కల కాడికే వచ్చిందంటక్కా. మడత విప్పినా చాల్లేదంట. అంత పొడుగైపోయిందా నా బిడ్డ..."

నాకు ఏడుపొచ్చేసింది. క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని నేనే. నా వల్లే పావడ చెడిపోయిందనుకున్నాను. "నేను పొట్టిగా ఉన్నా పిన్నీ, అందుకే" అన్నాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది.

"నీది తప్పు కాదు పాపా. బిడ్డ ఎంతుంటాదో తెలీని తల్లిని నేను."

ఆ మర్నాడే అమ్మ మేడం దగ్గరికి వెళ్లింది, నన్ను వెంటబెట్టుకుని. వచ్చీరాని హిందీలో, పిన్నిని ఒకసారి ఊరికి పంపమని బతిమాలింది. మేడం ఆశ్చర్యపోయింది. "నేను పంపననడం లేదు. రెండుసార్లు వెళ్లమన్నాను. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ తనే వెళ్లడం లేదు."

పిన్నిని మా ఇంటికి తీసుకొచ్చి అమ్మ గట్టిగా అడిగితే, అప్పుడు చెప్పింది.

"పోతే... అది నన్ను గుర్తుపట్టకపోతే ఎట్లక్కా?"

అమ్మ, "ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టం ఓబులమ్మా" అంది. అంతే.

సంక్రాంతి కూడా రాకముందే పిన్ని వెళ్లింది. మేడమే టికెట్ తీసిచ్చి, విమానాశ్రయం దాకా తనే దింపింది. రెండు వారాల తర్వాత మా ఇంటికి ఫోన్ వచ్చింది. అమ్మ నాకూ వినబడేలా రిసీవరు వంచి పట్టుకుంది.

"గుర్తుపట్టలేదక్కా. రెండు దినాలు అవ్వ వెనకాలే దాక్కునింది. మూడో దినం పొద్దున దువ్వెన తెచ్చి నా చేతికిచ్చి, నా ముందర కూర్చునింది... జడేయమని."

పిన్ని మళ్లీ ఒమాన్ రాలేదు.

ఇప్పుడు నేను అల్ ఖౌద్ పక్కనే ఉన్న అల్ హైల్‌లో ఉంటున్నాను. ఆ సుల్తాన్ గారు లేరు. పండుగ తేదీ కూడా కాస్త మారింది. దీపాలు మాత్రం నవంబరులో అలాగే వెలుగుతాయి. మా ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా అమ్మాయి చపాతీలు వత్తుతూ కొడుకుతో వీడియోలో మాట్లాడుతుంది. వాడికి ఏ పన్ను ఊడిందో కూడా తనకి తెలుసు... అది చూస్తే మనసు చల్లబడుతుంది.

కానీ సెలవొస్తే మేమంతా తలో ఫోనూ పట్టుకుని కూర్చుంటాం. మా గేటు ముందు కారు ఆగి, సాయంత్రం దాకా ఉండిపోవడానికి ఎవరూ దిగడం లేదు. ఏడాదికి ఒక్కరోజే వచ్చినా ఇంటి మనిషైపోయినవాళ్లు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల పేరేమిటో చెప్పరూ?