చెయిన్ పుల్లీకి వేలాడిన బర్రె

బహదూర్‌పురాలో పాలమ్మే రాజమణి చూడి బర్రె ఈ ఉదయం రెండు మీటర్ల పునాది గుంతలో పడింది. దాని బరువు ఐదు వందల కిలోలు. ఎదురింటి మెకానిక్ ఇంజన్లు ఎత్తే చెయిన్ పుల్లీ తెచ్చి గుంతపై దూలానికి బిగించి, బర్రెకు పట్టీలు కట్టాడు. రాజమణి ఒక్కతే గొలుసు లాగసాగింది.

ఫిజిక్స్ చదివే కూతురు అమల లెక్కేసింది. "అమ్మా, బర్రె రెండు మీటర్లు లేవాల్నంటె వంద మీటర్ల గొలుసు గుంజాలె. నీ కష్టంల నలభై శాతమే బర్రెకు, మిగతాదంత రాపిడికే పోతది."

"నీ లెక్కలు సల్లగుండ, నువ్వొచ్చి గుంజు!"

సగం ఎత్తులో గొలుసు చేజారింది. జనం కేక వేశారు. బర్రె మాత్రం గాల్లో అక్కడే నిలిచింది. సగానికి మించి శ్రమను రాపిడి మింగే పుల్లీ, బరువుకు లొంగి వెనక్కి తిరగదు. వృథా అని అమల లెక్కకట్టిన రాపిడే ఇప్పుడు బర్రెను మోస్తోంది.

రాజమణి మళ్లీ గొలుసు అందుకుంది. ఇంకా యాభై మీటర్లు.