ఎండిన బుడ్డచెట్లతో కోతపండుగకు

మా చిన్నప్పుడు కోతపండుగ వచ్చిందంటే గుడిలో పాటలకంటే కోళ్ల కూతలే ఎక్కువ వినబడేవి... మా వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం లెండి. డోన్ దగ్గర చిన్న పల్లె మాది.

పండినదాంట్లో మొదటి భాగం దేవుడిది. జొన్నలు, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన పుంజులు... అన్నీ తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడేవాళ్లు. మా నాయన ఏటా బుడ్డల మూట భుజాన వేసుకుని అందరికంటే ముందు నడిచేవాడు. బుడ్డలంటే వేరుశనగ కాయలు. మా చేలో పండేది అదొక్కటే.

ఒక ఏడు విత్తనం వేసిన కొన్నాళ్లకే నాయన గుండెనొప్పితో పోయాడు. వెనకాలే వాన కూడా మొహం చాటేసింది. చేనంతా మాడిపోయింది.

అమ్మ ప్రార్థన మానేసింది. రాత్రి అన్నం ముందు మా అవ్వ ప్రార్థన చేస్తుంటే, అమ్మ కళ్లు తెరుచుకునే కూర్చునేది. నాకు ఒకటే భయం... నాయన ఎలాగూ లేడు. అమ్మ దేవుణ్ణి కూడా వదిలేస్తే ఇక నాకూ, తమ్ముడికీ ఎవరున్నారు?

పండుగ పొద్దున అవ్వే అంది. "ఈ ఏడు గుడికి పోవద్దు లేమ్మే. ఏముండాదని పోతావు? నలుగుర్లో నగుబాటు."

అమ్మ లేచి చేనికి పోయింది. తిరిగొచ్చినప్పుడు చూద్దును కదా, నెత్తిన ఎండిన బుడ్డచెట్ల కట్ట! వేర్లకు ఒక్క కాయ లేదు.

"పండినప్పుడు తీసకపోయినాము గదత్తా. ఎండినప్పుడు ఇంగ యాడికి తీసకపోవల్ల?" అంది. నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

గుడిలో అందరూ మమ్మల్నే చూశారు. సిగ్గుతో నాకు ప్రాణం చచ్చిపోయింది. అమ్మ మాత్రం తల వంచలేదు. నేరుగా వెళ్లి జొన్న మూటల మధ్య ఆ కట్ట పెట్టింది.

పాస్టరయ్యగారు మెల్లగా, "ఏమ్మా, ఇది..." అన్నారు.

"మా పంటే అయ్యా. దీని మీద గూడా ప్రార్థన చేయండి."

ఆయన బైబిలు తెరిచి పేజీలు తిప్పసాగారు. ఆయన మొదలుపెట్టేలోగా అమ్మే ముందున్న చాప మీద మోకాళ్లూని కూర్చుంది. అప్పట్లో మా గుడిలో ఆడవాళ్లు అలా పైకి ప్రార్థన చేసేవాళ్లు కాదు.

"ప్రభువా, నీ మీద నాకు కోపముండాది. శానా ఉండాది. అయినా నిన్నిడిసి నేను యాడికీ పోను. నువ్వు గూడా నన్నిడిసిపెట్టాకు."

అంతే. నాయన పోయినప్పుడు కూడా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది... కరువుతీరా ఏడ్చింది. ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. దేవుడు కూడా వచ్చి ఆ చాప మీదే కూర్చున్నాడని నాకు గట్టిగా అనిపించింది. భయం పోయింది.

వేలంలో ఆ కట్ట వంతు వచ్చేసరికి సంఘపెద్ద దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దాన్ని పాట పెట్టొద్దప్పా! అది ఆ దేవుడు చూసుకోవాల్సిన లెక్క," అంది అమ్మ. గుడంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. మరుసటి ఏడు ఆమే అరక పట్టించి విత్తనం వేయించింది.

ఇప్పుడు నేను ఎర్రగుంట్లలో ఉంటున్నాను. ఇక్కడ కోతపండుగకు డబ్బు కవర్లలో పెట్టి ఇస్తారు, ఫోన్లో కూడా పంపొచ్చు. శుభ్రంగా, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఎండిన చెట్లు తెచ్చేవాళ్లు లేరు. ఎండిపోయిన మనుషులు మాత్రం ఉన్నారు... వాళ్లు ఇంట్లోనే ఉండిపోతున్నారు.

ఈ ఏడు మా తమ్ముడు పోయాడు. ఆదివారం మంచం దిగబుద్ధి కాలేదు. అయినా లేచాను. కోపంతోనే గుడికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను.

దేవుడితో పోట్లాడి, ఆయన దగ్గరే ఉండిపోయినవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? వాళ్ల గురించి చెప్పండి... నాకిప్పుడు వినాలని ఉంది.